పుస్తకాలు చదివి చెడిపోయిన పిల్ల నుంచి సంఘ పెద్దలకు

అయ్యగారికి, సంఘ పెద్దలకు వందనాలు.

పోయిన నెల ఉపవాస కూడికలో నా గురించి మాట్లాడారని తెలిసింది. పేరు చెప్పలేదట. "మన సంఘంలోనే పుట్టి, సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పి ప్రైజులు తీసుకున్న పిల్ల, పట్నం పోయి లోకపు పుస్తకాలు చదివి చెడిపోయింది" అన్నారట. మనది ఎంత ఊరని, పేరు చెప్పకపోతే తెలియకుండా ఉండటానికి? మా అమ్మ ఆ రోజు ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చుని ఉంది. ఇంటికొచ్చి అన్నం తినలేదని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. అమ్మను అందరి ముందు తలదించుకునేలా చేసిన మాటకు జవాబు కూడా అందరి ముందే ఉండాలని బహిరంగంగా రాస్తున్నాను.

ముందుగా ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో సరిచేస్తాను. పుస్తకాలు చదివి నేను సంఘం వదల్లేదు. నర్సింగ్ రెండో సంవత్సరంలో చదువు ఆపేసి సేవకు రమ్మన్నారు. కోర్సు పూర్తి చేస్తానన్నాను. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం నాకు ఇవ్వకుండా బల్ల నిలిపేశారు. ఆ తర్వాత ఇంటికొచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్లతో కలిసి తిననివ్వకుండా వెలిపెట్టారు, అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పటికి నేను చదివినవి బైబిలు, మన పాటల పుస్తకం, సంఘం పత్రిక, నర్సింగ్ పుస్తకాలు. అంతే. మీరు వద్దన్న పుస్తకం ఒక్కటి కూడా అప్పటికి నా చేతిలో పడలేదు. కాబట్టి ఆ నేరం పుస్తకాల మీద వేయకండి.

అసలు ఏ పుస్తకాలు చదవకూడదో మీరు ఎప్పుడూ రాసివ్వలేదు. రోమన్ కాథలిక్ సభ 1559 నుంచి 1966 దాకా నిషిద్ధ గ్రంథాల జాబితా నడిపింది. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్నందుకు కోపర్నికస్, గెలీలియో పుస్తకాలు 1835 దాకా అందులోంచి బయటపడలేదు. అన్యాయమే. అయినా వాళ్లు కనీసం జాబితా అచ్చేశారు. ఏది కూడదో మనిషికి తెలిసేది, ఏది మిగిలిందో కూడా తెలిసేది. మీ జాబితా నోటిమాట. ఒక ఆదివారం వారపత్రికలు వద్దన్నారు. తర్వాత నవలలు. తర్వాత వేరే సంఘాల బోధకులు రాసిన పుస్తకాలు, వాటిలో బైబిలు వ్యాఖ్యానాలు కూడా. మా తరం బడికి వచ్చేసరికి వాచకంలో పాఠాల దాకా వచ్చింది.

నా తెలుగు వాచకంలో పోతన పద్యాలున్న పేజీలను నాన్న స్టేప్లరుతో కుట్టేశాడు. పైన మూడు పిన్నులు, కింద మూడు, పక్కన రెండు. నాన్న పని ఏదైనా పొందికగా చేసేవాడు. వెలుతురుకు ఎత్తి చూస్తే రెండు పేజీల అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఏమీ అర్థమయ్యేది కాదు. పద్యం అప్పజెప్పమన్న రోజు నిలబడ్డాను. మా తెలుగు టీచరు గారు కూడా క్రైస్తవురాలే, ఊళ్లోని పాత బాప్టిస్టు చర్చికి వెళ్లేవారు. పుస్తకం చేతిలోకి తీసుకుని పిన్నులు చూశారు. "పద్యం చదివితే ప్రభువు కోప్పడడమ్మా" అన్నారు. పిన్నులు మాత్రం తీయలేదు, మా నాన్న మీద గౌరవంతో. ఆ మాట ఇంట్లో చెప్తే, పాత చర్చి వాళ్లు బబులోనులో, అంటే దారి తప్పిన సంఘంలో ఉన్నారని, అందుకే అలా అంటారని మీరే కదా నాన్నకు చెప్పి పంపారు.

చందమామల సంగతి కూడా రాయాలి. మా మావయ్య బైండు చేయించి దాచుకున్న పాత సంచికలు అన్నయ్యకు ఇచ్చాడు. బేతాళుడు ఉన్నాడు కనుక అవి దయ్యాల పుస్తకాలన్నారు. యవ్వనస్తుల కూడిక చివరి రోజు మందిరం వెనక, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి కాల్చారు. అట్ట గట్టిది కావడంతో చాలాసేపు అంటుకోలేదు. కిరోసిన్ కోసం ఒకరిని పంపారు. ఆ కాసేపూ పాటలు పాడించారు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివి వినిపించారు: ఎఫెసులో మాంత్రికవిద్య చేసినవాళ్లు పుస్తకాలు తెచ్చి కాల్చేశారు, వాటి వెల యేబదివేల వెండి రూకలు. ఆ వాక్యం తర్వాత నేను చాలాసార్లు చదివాను. అక్కడ ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చారు. అక్కడ సువార్త చెప్తున్న అపొస్తలుడు పౌలు ఎవరి ఇంటికీ వెళ్లి సోదా చేయలేదు. పక్కవాడి పిల్లాడి పెట్టె తెరిచి చూడలేదు. పైగా అవి మంత్రాలు చేసుకునే పుస్తకాలు. ఆరో క్లాసు పిల్లాడు నవ్వుకుంటూ చదివే కథలు కావు.

పౌలు గురించి మీరు నాకంటే ఎక్కువ చెప్పగలరు. కానీ మన మందిరంలో నేను ఒక్కసారి కూడా ప్రసంగం వినని వాక్యం ఒకటుంది. రెండో తిమోతి పత్రిక, నాలుగో అధ్యాయం, 13వ వచనం. చెరలో ఉన్న పౌలు, చలికాలం రాకముందే రమ్మని తిమోతిని అడుగుతూ, త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చిన అంగీ తెమ్మంటాడు, "పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను" తెమ్మంటాడు. చావు దగ్గరికొచ్చిందని తెలిసిన మనిషి అడిగినవి ఒక దుప్పటిలాంటి అంగీ, పుస్తకాలు. ఏథెన్సులో మాట్లాడినప్పుడు "మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు" అని గ్రీకు కవి మాటను పట్టుకుని సువార్త చెప్పాడు. ఆ కవి గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్‌ను పొగుడుతూ రాసిన పద్యం అది. చదవకుండా ఎలా చెప్పాడు? మన సంఘంలో ఉండి ఉంటే పౌలుకు కూడా బల్ల నిలిపేసేవారు.

సరే, నేను చదివిన మొదటి 'లోకపు పుస్తకం' ఏమిటో చెప్తాను. మీరు అనుకుంటున్నట్టు నాస్తికుల పుస్తకం కాదు. హైదరాబాద్‌లో ఆదివారం పూట అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, ఆ షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ జాషువా గారి గబ్బిలం దొరికింది. జాషువా గారి గురించి ఇంటర్‌లో ఉన్నప్పుడు మన పెద్దాయన ఒకరిని అడిగాను, ఆయన మనవాడేగా అని. "పేరు ఒక్కటే మనది, రాతలన్నీ లోకానివి" అన్నారు. అది గుర్తుండిపోయి కొన్నాను.

చదవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. అలాంటి పుస్తకం ఇంట్లోకి వస్తే దానితోపాటు దురాత్మ కూడా గడప దాటుతుందని మీరు నేర్పారు. పేషెంట్లకు రక్తం ఎక్కిస్తాను, ఐసీయూలో రాత్రి డ్యూటీలు చేస్తాను, శవాన్ని శుభ్రం చేసి బంధువులకు అప్పగిస్తాను. ఆ పుస్తకాన్ని మాత్రం హాస్టల్ గదిలోకి తేలేక బయట చెప్పుల స్టాండు మీద పెట్టి పడుకున్నాను. తెల్లారి రూమ్మేట్ తెచ్చి నా మంచం మీద పడేసి, "పుస్తకాలు కూడా బయట విడిచి రావాలా ఏంటే మీ ఊళ్లో" అని నవ్వింది. ఆ నవ్వుతోనే భయం సగం పోయింది. మిగతా సగం పోవడానికి చాలాకాలం పట్టింది. చదివిన రోజున తలనొప్పి వచ్చినా, డ్యూటీలో మందు ఇవ్వడం పది నిమిషాలు ఆలస్యమైనా, పుస్తకం వల్లేనేమో అని టెన్షన్ పడేదాన్ని. సంఘం వదిలి వచ్చినా మీ గొంతు నాతోనే వచ్చింది. పేజీ తిప్పే ముందు ఎవరినో అడగాలనిపించేది. ఎవరిని అడగాలో తెలిసేది కాదు.

గబ్బిలంలో ఏముందో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు, కాబట్టి చెప్తాను. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని అడుగుతాడు. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం పోగలదు, శివుడి చెవి దగ్గర వేలాడగలదు. 1941లో వచ్చింది. శివుడి పేరుంది కాబట్టి మీకు పనికిరాలేదు. కానీ అందులో ఉన్నది మా తాతమ్మ కథ, మీలో చాలామంది తాతమ్మల కథ. మనం ఏ గడపల బయట నిలబడి నిలబడి ప్రభువు దగ్గరికి వచ్చామో ఆ సంగతి. ఆ పద్యాలు రాసినాయన వినుకొండలో క్రైస్తవ ఇంట్లో పుట్టాడు. పండితుల సభల్లో కులం పేరుతో అవమానాలు పడ్డాడు. హిందూ పురాణ కథల మీద రాస్తున్నాడని ఇటు క్రైస్తవులు కూడా వెలివేశారు. అదే మనిషి క్రీస్తు చరిత్ర కూడా రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసిన పెద్దల పేర్లు ఇప్పుడు ఎవరికైనా గుర్తున్నాయా? వెతికాను, నాకు దొరకలేదు.

ఇక మీకు నిజంగా కోపం తెప్పించే పుస్తకాలకు వస్తాను. నెమ్మదిగా, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో చదివినవి. ముందు మా ఇంటి శ్లాబు గురించి చెప్పాలి.

1999లో మా ఇంటికి శ్లాబు వేయాలని నాన్న డబ్బు కూడబెట్టాడు. ఇసుక కూడా తోలించాడు. ఆ వేసవి కూడికల్లో రెండు వేల సంవత్సరం దాటదన్నట్టు మాట్లాడారు. తేదీ చెప్పలేదు, నిజమే. "ఇళ్లు కట్టుకునే కాలమా ఇది, సొదొమలో లోతు కాలంలో కూడా కట్టుకున్నారు" అన్నారు. నాన్న శ్లాబు డబ్బు కానుకగా ఇచ్చేశాడు. ఇసుక వర్షానికి సగం కొట్టుకుపోయింది, మిగతాది మేము పిల్లలం ఆడుకున్నాం. రెండు వేలు వచ్చింది, దాటింది. ఎవరూ ఏమీ అనలేదు. మేము చాలా ఏళ్లు రేకుల కింద గిన్నెలు పెట్టుకుని వానాకాలాలు గడిపాం. నాన్న పోయేదాకా ఆ రేకుల కిందే ఉన్నాడు. ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది. చదువుకున్న మనిషి, లెక్కలు తెలిసిన మనిషి, ఎలా నమ్మాడని.

ఆ ఇంగ్లీషు పుస్తకాల్లో ఒకదాంట్లో ఇది చదివాను. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధకుడు బైబిలు లెక్కలు కట్టి ప్రభువు రాకడ దగ్గరికొచ్చిందన్నాడు. ఆయన వెంట నడిచినవాళ్లు చివరికి 1844 అక్టోబరు 22 అని తేదీ పట్టుకున్నారు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఎందుకు కోయాలి, అక్కర్లేదుగా? ఆ రోజు వచ్చింది, తెల్లారింది. ఇది చదువుతుంటే మా వాకిట్లో ఇసుక కుప్ప కళ్ల ముందుకొచ్చింది. పొలాల్లో మురిగిన ఆ పంట, మా ఇసుక ఒకటే. పిచ్చివాళ్లు కారు వాళ్లు. మా నాన్న కూడా పిచ్చివాడు కాదు. నిజాయితీగా నమ్మాడు, నమ్మినదాని ప్రకారం చేశాడు. అలా నమ్మించినవాళ్లు అడిగేవాడు లేక తప్పించుకున్నారు. మీరు నిషేధించిన పుస్తకం వల్ల నాకు జరిగింది ఇది: నాన్న మీద కోపం పోయింది. నాన్న సమాధి దగ్గరికి వెళ్లి వచ్చాను. మీ ప్రసంగాలు ఆ పని చేయలేకపోయాయి.

ఇంకో పుస్తకం 1956లో వచ్చింది, ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు కలిసి రాసింది. 1954 డిసెంబరులో ప్రళయం వస్తుందని ఎదురుచూసిన ఒక చిన్న గుంపు కథ. ప్రళయం రాలేదు. గుంపులో కొందరు నమ్మకం వదల్లేదు సరికదా, ఇంకా గట్టిగా ప్రచారం మొదలుపెట్టారని వాళ్లు రాశారు. చదివి ఎగిరి గంతేశాను, అచ్చం మన కథే అని. తర్వాత ఆ పుస్తకం మీద వచ్చిన విమర్శ కూడా చదివాను. పరిశోధకుల మనుషులే సభ్యుల్లా నటిస్తూ లోపల చేరారని, వాళ్ల వల్లే ఆ గుంపు తీరు మారి ఉండొచ్చని. చప్పబడిపోయాను. కానీ అయ్యగారూ, ఇది గమనించండి. బయట ఒక పుస్తకం తప్పైతే, తప్పని రాసేవాళ్లుంటారు, ఆ రాతను కూడా అదే అరలో పెడతారు. రెండూ చదివి నేనే తేల్చుకోవచ్చు. తేల్చుకోలేకపోతే అలా వదిలేయొచ్చు కూడా. సంఘం పత్రికలో 1999లో అచ్చైన మాటలకు 2001లో సవరణ వచ్చిందా?

మీరు వద్దన్నవన్నీ గొప్ప పుస్తకాలని నేను అనను. కొన్ని చెత్త. నాస్తికుడొకాయన పుస్తకం కొని యాభై పేజీల తర్వాత పక్కన పెట్టేశాను. అచ్చం మన మందిరం మైకులాగే అరుస్తున్నాడు, దేవుడి పేరొక్కటి తీసేశాడంతే. మతాలు వదిలినవాళ్ల ఆత్మకథలు కొన్ని చదివాను. వాటిలో కొందరు తమ పాత సంఘంలో ఒక్క మంచి మనిషి కూడా లేనట్టు రాస్తారు. నేను అలా రాయలేను. నాకు టైఫాయిడ్ వస్తే రాత్రంతా కూర్చుని ప్రార్థన చేసినవాళ్లు, అమ్మకు ఆపరేషన్ అయితే పదిహేను రోజులు వంతులేసుకుని అన్నం పంపినవాళ్లు మీ సంఘంలోనే ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే ఈ ఉత్తరం రాస్తున్నందుకు చెయ్యి వణుకుతోంది. అయినా రాస్తున్నాను.

మా ఇంట్లో చెప్పుకునే మాట ఒకటుంది. కరువు కాలంలో, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారే, ఆ గుంపులో మా ముత్తాత ఉన్నాడని. నిజమో కాదో రుజువు లేదు. కానీ ఆ తర్వాత మిషను బడి వచ్చిందన్నది నిజం. మాదిగ పల్లెలో పలక పట్టిన మొదటి మనిషి మా ఇంట్లోంచే అని మా నానమ్మ చచ్చేదాకా చెప్పుకుంది. ఆమె బైబిలు చదవడానికే అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక బైబిలుతో ఆగలేదు. సంతలో పొట్లాలు కట్టి ఇచ్చిన కాగితాలు కూడా విప్పి, సాపు చేసి చదివేది. దొరగారు గానీ, అప్పటి పాస్టరు గారు గానీ అది పాపం అనలేదు. ఆమె మనవరాలి పుస్తకానికి పిన్నులు కొట్టించింది మీరు.

మీలో ఒకరు, నేను కోర్టుకు వెళ్తానేమో అని అన్నయ్యను అడిగారట. టెన్షన్ పడకండి. దాని గురించి కూడా చదివాను. వెలివేయడం నేరమని బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేస్తే, దావూదీ బోహ్రాలనే ముస్లిం శాఖ కేసులో సుప్రీంకోర్టు 1962లో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పు సరైనదా కాదా అని మళ్లీ చూడాలంటూ 2023లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనానికి పంపారు. వాళ్లు తేల్చేది వాళ్లు తేలుస్తారు. మా అమ్మ కంచం పక్కన నా కంచం పెట్టించడానికి నేను జడ్జీల దగ్గరికి పోను.

నేను అడిగేవి పెద్దవేం కావు. మన సంఘంలో ఈ ఏడాది పదో తరగతి రాసే పిల్లలున్నారు. వాళ్ల వాచకాలకు పిన్నులు కొట్టించకండి. మార్కుల కోసమైనా చదవనివ్వండి. ఎవరైనా పిల్ల ఊరి లైబ్రరీకి వెళ్తే వాళ్ల నాన్నను పిలిపించకండి. ఆ లైబ్రరీ ఖర్చుకు మీ ఇంటి పన్నులో కూడా సెస్సు కడుతున్నారు, ఒకసారి మీరూ వెళ్లి చూడండి.

ఇక మా ఇంటి విషయం. వచ్చే నెల నాన్న జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు. నేను వస్తున్నాను. ప్రార్థన అయ్యేదాకా బయట కూర్చోమంటే కూర్చుంటాను, గొడవ చేయను. భోజనాల దగ్గర మాత్రం అమ్మ నాకు వడ్డించాలా వద్దా అని మీ వైపు చూస్తుంది. "అట్టివానితో భుజింపనుకూడదు" అన్న వాక్యం మీరు ఆమెకు అంతగా నూరిపోశారు. అది జారులకూ దోచుకునేవాళ్లకూ త్రాగుబోతులకూ రాసిన మాట, పక్కనే పేర్లు వరసగా ఉన్నాయి. పుస్తకాలు చదివేవాళ్లు ఆ వరసలో లేరు. కూడికకు ముందే అమ్మకు ఫోన్ చేసి, పిల్లకు అన్నం పెట్టుకోమ్మా అని ఒక్క మాట చెప్పండి. నా నంబరు అన్నయ్య దగ్గరుంది. చెప్పనంటే అదీ ముందే తెలియజేయండి, టిఫిన్ డబ్బా తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ సండే స్కూల్లో చదువుకున్న ఒక నర్సు